పద్దెనిమిది కాదు, పదమూడు

ఆ ఎండాకాలం నేను మెట్రిక్ పరీక్ష రాయలేదు. నన్ను ఎవరూ గదిలో పెట్టి గొళ్ళెం వేయలేదు. నా అంతట నేనే రాయనని కాగితం మీద సంతకం పెట్టాను. ఇన్నేళ్ళయినా నాకు మింగుడుపడనిది అదే.

అది 1969. నాకు పదహారేళ్ళు. దౌల్తాబాద్ దగ్గర మా ఊళ్ళో అయిదో తరగతి దాటితే బడి లేదు. మా అమ్మ పద్మమ్మ తాండూరులో ఉన్న తన అన్న వెంకటయ్యను అడిగి నన్ను వాళ్ళింట్లో పెట్టింది. మామకు ధాన్యం అమ్మే గంజ్‌లో కందుల దుకాణం ఉండేది. అత్త రాధమ్మ మంచిదే. నన్ను తిట్టేది కాదు, కొట్టేది కాదు. పొద్దున చాయ్ పెట్టడం, అంట్లు తోమడం, బడికి పోవడం, వచ్చి రొట్టెలు చేయడం, ఇదంతా నాకు నేనే తెలిసి చేసేదాన్ని. వేరేవాళ్ళ ఇంట్లో ఉన్నప్పుడు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయే సంగతులు కొన్ని ఉంటాయి.

మామ కొడుకు బాల్‌రాజ్, నేను ఒకటే తరగతి. నాకంటే ఏడాది పెద్ద. ఎత్తుగా ఉండేవాడు, గొంతు గట్టిది. నాకు పై పళ్ళు ఎత్తు. మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు ఉండేది. లెక్కల్లో తరగతి మొత్తానికి నాకే ఎక్కువ మార్కులు వచ్చేవి. అయినా సారు అడిగితే లేచి చెప్పేదాన్ని కాదు. నా పక్కన కూర్చునే ఖుర్షీద్‌కు చెవిలో చెబితే ఆమె లేచి చెప్పేది. సారు మెచ్చుకుంటే, "నేను గాదు సార్, ఇంద్రమ్మ" అనేది. నేను తల దించుకునేదాన్ని.

ఖుర్షీద్ వాళ్ళ నాయన మజహర్ సాబ్ దర్జీ. కొన్నాళ్ళుగా ఆయనకు చూపు తగ్గుతోంది. సూదిలో దారం ఖుర్షీదే ఎక్కించి ఇచ్చేది.

ఆ ఏడు సంక్రాంతి దాటినప్పటినుంచి బడి సరిగా నడవలేదు. తెలంగాణ మనకు కావాలని, మన కొలువులు మనకు రావాలని ఊరూరా పిల్లలు రోడ్డు మీదికి వచ్చారు. తాండూరులో మా బడి పిల్లలకు బాల్‌రాజ్ ముందు నడిచాడు. బడి గోడ ఎక్కి మాట్లాడితే గంజ్‌లో హమాలీలు కూడా బస్తాలు దించి వినేవాళ్ళు. నాకు ఆ కొలువుల సంగతి పూర్తిగా అర్థమయ్యేది కాదు గాని, బావ మాట్లాడుతుంటే మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడేవి.

పరీక్షలు ఒకసారి వాయిదా పడ్డాయి. మళ్ళీ మే నెలలో అన్నారు. మాకు సెంటరు వికారాబాద్. వాయిదా పడ్డప్పటినుంచి నాకు అన్నం సహించలేదు. మా నాయన బీరయ్య మెట్రిక్ వరకే ఒప్పుకున్నాడు. పాసైతే టీచర్ ట్రైనింగ్‌కు పంపిస్తానన్నాడు, కాకపోతే ఇంటికి వచ్చేయాలి. తల దువ్వుకుంటే దువ్వెన నిండా వెంట్రుకలు వచ్చేవి. పుస్తకం తెరిస్తే వచ్చిన లెక్క కూడా రానట్టే ఉండేది.

పరీక్షలు వారం రోజులు ఉన్నాయనగా ఒక సాయంత్రం బాల్‌రాజ్ మా అందరినీ రైలు స్టేషన్ పక్కన నాపరాళ్ళు పేర్చిన చోటుకు పిలిచాడు. ఇరవైమూడు మందిమి వెళ్ళాం. మేం ఈ పరీక్షలు రాయమని కాగితం రాసి అందరం సంతకాలు పెట్టాలన్నాడు. రాసే పని నాకు ఇచ్చాడు. నేను వెనక్కి జరిగాను.

"నీ రాత మంచిగుంటది ఇంద్రా," అన్నాడు అందరి ముందూ. "చెయ్యి దియ్యి నోటికెల్లి. నువ్వు మాట్లాడితే గీ ఇరవై మంది ఇంటరు. నీకే తెల్వదు."

అప్పటివరకు నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. నేను కాగితం రాశాను. మొదటి సంతకం అతను పెట్టాడు, రెండోది నేను పెట్టాను.

ఖుర్షీద్ పెట్టలేదు. ఎవరితోనూ వాదించలేదు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. మరునాడు నేను వాళ్ళింటికి పోతే బయట అరుగు మీద కూర్చుని నాతో మెల్లగా చెప్పింది. వాళ్ళ నాయన కళ్ళు ఇంకో ఏడాది కూడా ఆగవు. ఆమె ఈ ఏడు పాసై ట్రైనింగ్‌కు పోవాల్సిందే. పరీక్ష రోజు పొద్దున రైలు బండి దగ్గర పిల్లలు అడ్డం పడతారని ఆమెకు తెలుసు. అందుకని ముందు రోజు, ఆదివారం మధ్యాహ్నం బండికే నాయనతో వికారాబాద్ పోయి, అక్కడ మేనత్త ఇంట్లో ఉండి పరీక్షలన్నీ రాసి వస్తుంది.

"ఎవ్వరికి చెప్పలే. నీకొక్కదానికే చెప్తున్న," అంది.

ఆ రాత్రి రొట్టెలు చేస్తుంటే బాల్‌రాజ్ వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. ఎప్పుడూ అక్కడ కూర్చోడు. సంతకం పెట్టనివాళ్ళు నలుగురున్నారని, ముగ్గురి సంగతి తెలిసిందని, ఖుర్షీద్ సంగతే తెలియడం లేదని అన్నాడు. ఒక్కరు పోయినా మిగతావాళ్ళు జారిపోతారన్నాడు. నన్ను నేరుగా అడగలేదు. "నీకు తెలిస్తే చెప్తవు, నాకెర్కే," అన్నాడంతే.

నేను చెప్పేశాను. రొట్టె పెనం మీద మాడింది. అది తీసి నా పళ్ళెంలో వేసుకున్నాను.

శనివారం సాయంత్రం బాల్‌రాజ్ ఇంట్లో లేడు. పోలీసులు వెతుకుతున్నారని, దొరికితే జైల్లో వేస్తారని, అందుకే ఎటో పోయాడని మామ చెప్పాడు. అత్త కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. నేను ఆ రాత్రి తినలేదు.

ఆదివారం మధ్యాహ్నం స్టేషన్లో బాల్‌రాజ్ లేకుండానే పిల్లలు నిలబడ్డారు. మా తరగతి హనుమంతు ముందున్నాడు. బాల్‌రాజ్ పోయేముందు తనకు అన్నీ చెప్పి పోయాడన్నాడు. ఆడపిల్లకు ఆడపిల్లే అడ్డం నిలబడాలని నన్ను ముందుకు తోశారు.

మజహర్ సాబ్ ఒక చేత సంచీ పట్టుకుని, ఇంకో చెయ్యి ఖుర్షీద్ భుజం మీద వేసి వచ్చాడు. ఆమె మమ్మల్ని చూసి ఆగింది. ఇరవై మందిలో నన్ను ఒక్కదాన్నే చూసింది. నేను ఏం అనాలో నాకు నేర్పి పెట్టారు. అది నా నోట్లోంచి రాలేదు. హనుమంతు వెనకనుంచి నినాదం అందుకున్నాడు. ఎవరో సిరా సీసా విసిరితే ఆమె తెల్ల ఓణీ మీద పడింది. ఇంకెవరో ముసలాయన టోపీ తీసి పట్టాల మీద వేశారు. ఆయనకు ఎటు పడిందో కనపడక వంగి ప్లాట్‌ఫారం మీద తడుముతున్నాడు.

ఖుర్షీద్ ఏడవలేదు. పట్టాల మీదికి దిగి టోపీ తెచ్చి, దులిపి, నాయన తలకు పెట్టింది. బండి వచ్చింది. స్టేషన్ మాస్టారు, ఇద్దరు పోలీసులు అడ్డం నిలిచి వాళ్ళను ఎక్కించారు. నాకు కొంచెం దూరం నుంచే ఆమె ఎక్కింది.

పరీక్షలు జరిగిన ఆ పది పన్నెండు రోజులు మా ఇల్లు చావు ఇల్లులా ఉండేది. ఎవరైనా వచ్చి బాల్‌రాజ్ సంగతి అడిగితే అత్త కళ్ళు తుడుచుకునేది. ఎక్కడ ఉన్నాడో, ఏం తిన్నాడో అనేది. నేను ఒంటిపూట తినేదాన్ని. రోజూ పొద్దున ఇవాళ ఏ పరీక్షో గుర్తుకొచ్చేది. తెలుగు నాడు, ఇంగ్లీషు నాడు, లెక్కల నాడు పెరట్లోకి పోయి కూర్చున్నాను. అయినా నాకు ఒక గర్వం ఉండేది. బావ ఎండలో గుట్టల వెంట తిరుగుతుంటే నేను ఇంట్లో నీడన ఉన్నాను, ఒక పరీక్ష పోతే పోయింది అనుకునేదాన్ని.

పదమూడో రోజు అతను వచ్చాడు. గడ్డం పెరిగింది. స్టేషన్లో దండలు వేసి గంజ్ మీదుగా ఊరేగించి తెచ్చారు. అనంతగిరి గుట్టల్లో దాక్కున్నానని, గొర్లకాపరులు రొట్టె పెట్టారని, ఒక రాత్రి ఎలుగుబంటి వచ్చిందని చెప్పాడు. నేను నీళ్ళు కాచి ఇచ్చాను. అతని కాళ్ళు చూశాను. పదిరోజులు గుట్టల్లో తిరిగిన కాళ్ళు పగలలేదు. చూసి కూడా నేను ఏమీ అనుకోలేదు.

ఆ తరువాత నాలుగైదు రోజులకు మా లెక్కల సారు వికారాబాద్ డ్యూటీ నుంచి తిరిగి వచ్చాడు. నన్ను పిలిచి పరీక్ష పేపర్ల కట్ట ఇచ్చాడు. వచ్చే ఏడు రాసుకో, అన్నీ నీకు వచ్చినవే అన్నాడు. ఆయన కోపంగా ఉన్నాడో బాధగా ఉన్నాడో నాకు తెలియలేదు.

లెక్కల పేపరు ముందేసుకుని ఒక్కొక్కటి చేసుకుంటూ పోయాను. అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. పద్దెనిమిది సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తం. అందులో ఇరవైనాలుగు సెంటీమీటర్ల జ్యా. కేంద్రం నుంచి అది ఎంత దూరం అని ప్రశ్న. తేలికైన లెక్క. కాని ఎన్నిసార్లు చేసినా జవాబు తెగేది కాదు, చివర దశాంశాలు సాగుతూనే ఉండేవి. తప్పు నాదే అనుకున్నాను. పరీక్షకు పోయి ఉన్నా ఇది రాకపోయేదేమో అనుకున్నాను. రెండు రోజులు పలక తుడుస్తూ రాస్తూ అదే చేశాను.

మూడో రోజు మధ్యాహ్నం. మామ, బాల్‌రాజ్ అన్నానికి కూర్చున్నారు. అత్త వడ్డిస్తోంది. నేను గడప దగ్గర పలక పెట్టుకుని ఉన్నాను. ఆ పేపర్లు అంతకుముందు అతనికి చూపించలేదు. అతను వాటిని అసహ్యించుకుంటాడని నా అనుమానం. ఎందుకట్ల పరేషాన్ అవుతున్నవని అతనే అడిగితే, ఈ జ్యా లెక్క తెగడం లేదని చెప్పాను.

బాల్‌రాజ్ పప్పు కలుపుకుంటూ తల తిప్పి చూశాడు.

"గది పద్దెనిమిది గాదు, పదమూడు," అన్నాడు. "అచ్చుతప్పు పడ్డది. అర్ధగంట అయినంక వచ్చి చెప్పిండ్రు."

నేను పద్దెనిమిది చెరిపి పదమూడు వేశాను. లెక్క తెగింది. అయిదు.

తల ఎత్తేసరికి అత్త చేతిలో గరిటె అట్లనే ఉంది. మామ నీళ్ళ చెంబు అందుకుని చాలాసేపు తాగాడు. బాల్‌రాజ్ ముద్ద నోట్లో పెట్టుకోలేదు. కాసేపటికి అత్త "ఇంకింత పప్పు ఎయ్యనా" అని అడిగింది, అతను వెయ్యమన్నాడు.

సాయంత్రం ఖుర్షీద్ ఇంటికి పోయాను. వాళ్ళమ్మ హాజిరాబీ తలుపు తీసి నన్ను చూసి పక్కకు జరిగింది గాని, రా బేటీ అనలేదు. ఖుర్షీద్ లోపల మిషను దగ్గర ఉంది. ఇప్పుడు ఆమే కుడుతోంది. నేను నిలబడే అడిగాను, లెక్కల పరీక్ష నాడు జ్యా లెక్కలో తప్పు ఉందని హాల్లో చెప్పారా అని.

"చెప్పిండ్రు. అర్ధగంట అయినంక," అంది. "పేపర్ల లేదు గదా, నీకెట్ల తెల్సు?"

"మా బావ చెప్పిండు."

ఆమె మిషను ఆపింది. అర్థం చేసుకోవడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. నేను ఏడుస్తానేమో అనుకుందో ఏమో నా వైపు చూస్తూ ఉంది. నేను ఏడవలేదు. క్షమించమని అడుగుదామని వచ్చానో, నాకు జరిగింది చెప్పుకుందామని వచ్చానో నాకే తెలియలేదు. రెండోదే అయి ఉంటుంది.

"నీకొక్కదానికే చెప్పిన ఇంద్రా నేను," అంది ఖుర్షీద్. మళ్ళీ మిషను తిప్పింది.

ఇంటికి వచ్చేసరికి అత్త పెరట్లో గిన్నెలు సర్దుతోంది. నేను అడగకముందే మొదలుపెట్టింది. మామ బాల్‌రాజ్‌ను హైదరాబాద్‌లో తన తమ్ముడి ఇంటికి పంపాడట. సెంటరు అక్కడికి మార్పించడానికి ముందే దరఖాస్తు పెట్టారట. ఎప్పుడని అడిగాను. చెప్పలేక చెప్పింది. మేం నాపరాళ్ళ దగ్గర సంతకాలు పెట్టడానికి పదిరోజుల ముందు.

"నాకు ఎందుకు చెప్పలే అత్తా?"

"నీకు చెప్తే నువ్వు గూడ రాస్తనందువు గద బిడ్డా. ఇంట్ల ఇద్దరు లేకుంటే ఊర్ల అనుమానం రాదా? నువ్వు ఉండబట్టే ఎవ్వరు ఏం అడగలే."

ఆమె గొంతులో కపటం లేదు. నిజంగానే నాకు మేలు చేసినట్టు, ఇంటికి నేను పనికొచ్చినట్టు చెప్పింది.

బాల్‌రాజ్ మరునాడు తనే వచ్చి మాట్లాడాడు. తను ఏడాది పోగొట్టుకుంటే ఎవరికి లాభమని అడిగాడు. కాలేజీకి పోతే అక్కడ ఇంకా పెద్ద పని చేయవచ్చన్నాడు. అతని మాటలో తప్పు పట్టడం కష్టం, ఎప్పుడూ అంతే.

"మరి నేనో?" అన్నాను.

"నీకేం ఫికర్? నువ్వు తెలివిగల్లదానివి. వచ్చే ఏడు ఫస్టు క్లాసుల పాసైతవు."

అతను ఎప్పుడూ నన్ను మెచ్చుకుంటూనే ఉన్నాడు.

ఆ తరువాత దాదాపు నెలన్నర నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. చాయ్ పెట్టాను, రొట్టెలు చేశాను. ఎవరికీ చెప్పలేదు. హనుమంతుకు చెబుదామని ఒకసారి గంజ్ దాకా పోయి తిరిగి వచ్చాను. అతనికీ ఏడాది పోయింది. కాని నా మాట ఎవరు నమ్ముతారనిపించింది. నమ్మితే మామ నన్ను ఎక్కడ ఉంచుతాడనిపించింది. అసలు మాట్లాడటానికి నోరు తెరిస్తే నా పళ్ళే అందరికీ కనపడతాయనిపించేది. అంత చిన్నదాన్నయిపోయాను.

వానలు పడ్డాక ఫలితాలు వచ్చాయి. బాల్‌రాజ్ పాసయ్యాడు. ఊరంతా ఒక్కరోజులో తెలిసింది. ఇంటి మీదికి రాళ్ళు వస్తాయని మామ తలుపులు వేయించాడు. ఒక్క రాయి రాలేదు. హనుమంతు, ఇంకో ఇద్దరు వచ్చి వాకిట్లో గొడవ పెట్టుకుని పోయారు. మిగతావాళ్ళు రెండు రోజులు గుసగుసలాడి, మూడో రోజు హుషారైన పిల్లగాడన్నారు. ఖుర్షీద్ కూడా పాసైంది, మా బడిలో అందరికంటే ఎక్కువ మార్కులతో. ఆమె పరీక్షకు పోయిందని మజహర్ సాబ్‌కు బట్టలు కుట్టమని ఇవ్వడం మానేసినవాళ్ళు ఆ తరువాత కూడా ఇవ్వలేదు.

ఆ వారమే మా అమ్మ వచ్చింది. విత్తనాల పని సగంలో వదిలి, మోకాళ్ళ దాకా బురదతో వచ్చింది. మేనల్లుడు పాసయ్యాడని సంతలో ఎవరో చెప్పారట. చాయ్ తాగలేదు, కూర్చోలేదు. మా అమ్మ తన అన్న ముందు ఎన్నడూ గొంతు ఎత్తింది లేదు. ఆ రోజు కూడా ఎత్తలేదు.

"నీ కొడుకు పరీక్ష రాసిండంట గద అన్నా. ఆ దినాలల్ల నా బిడ్డకేమన్న జరమొచ్చిందా?"

మామ నేల చూశాడు. ఆడపిల్ల, వచ్చే ఏడు రాసుకుంటదిలే, నేను లేనా అన్నాడు.

"సామాన్లు సదురుకో బిడ్డా," అంది అమ్మ నాతో.

అమ్మ మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. రాఖీ పున్నమికి అన్న చేతికి దారం కట్టడానికి ప్రతి ఏడూ పోయేది. ఆ ఏడు పోలేదు, ఆ తరువాతా పోలేదు. ఒక్క చెల్లెలు అలా తెగిపోయినందుకు మామ లోపల కుమిలిపోయాడని తరువాత విన్నాను. నాయన నన్ను ఇక చదివించనన్నాడు. అమ్మ ఆయనతో మాట్లాడటం మానేసి, నలభై రోజులకు ఒప్పించింది. మరుసటి ఏడు ఇంట్లో ఉండే చదివి వికారాబాద్ పోయి పరీక్ష రాశాను. ఫస్టు క్లాసు రాలేదు. సెకండు క్లాసులో పాసయ్యాను. ట్రైనింగ్‌కు పోయాను.

నాలుగేళ్ళ తరువాత మామ బాల్‌రాజ్‌కు నన్ను అడగమని పెద్దమనుషులను పంపాడు. అమ్మ వాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చి, లోపలికి వచ్చి నీ ఇష్టమేందని నన్ను అడిగింది. వద్దన్నాను. బయటికి పోయి ఆ మాటే చెప్పి పంపించింది. అతను హైదరాబాద్‌లో వకీలు అయ్యాడు, బాగానే ఉన్నాడు.

1977లో నేను మర్పల్లి బడిలో పనిచేస్తున్నాను. ఒక పని మీద వికారాబాద్ వచ్చి, తిరుగు బండి కోసం స్టేషన్లో ఉన్నాను. ఎదురుగా బెంచీ మీద ఖుర్షీద్ కనిపించింది. కళ్ళద్దాలు వచ్చాయి. పక్కన నాలుగేళ్ళ పాప ఉంది. పూడూరు బడిలో టీచరని నాకు అంతకుముందే తెలుసు. రెండుసార్లు ఉత్తరం రాస్తే జవాబు రాలేదు.

దగ్గరికి పోయి పేరు పెట్టి పిలిచాను. వెంటనే గుర్తుపట్టింది. నవ్వింది కూడా. మజహర్ సాబ్ పోయి మూడేళ్ళయిందని చెప్పింది. నేను ఎనిమిదేళ్ళు లోపల పెట్టుకున్న మాట అప్పుడే, ఆ జనం మధ్యే అనేశాను. ఆ రోజు నేను చేసింది తప్పు అన్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

ఆమె నన్ను చివరి వరకు చెప్పనిచ్చింది. తరువాత పక్కన ఉన్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, చోటు చేసింది.

"గవన్ని ఎప్పటి ముచ్చట్లు. మీరు కూసోండ్రి," అంది.

కూర్చున్నాను. బండి గంట ఆలస్యం. బడుల గురించి, బదిలీల గురించి, వానల గురించి మాట్లాడుకున్నాం. పాప నా ఒళ్ళో నిద్రపోయింది. ఆ గంటసేపట్లో ఖుర్షీద్ నన్ను ఒక్కసారి కూడా నువ్వు అనలేదు.